వారిక్ ప్రభువు డాలు చదవడం ఎలా: మధ్యయుగపు ఇంగ్లండులో బిరుదు, వంశం, లాంఛనం

1471 ఏప్రిల్ 14, ఈస్టర్ ఆదివారం. లండన్‌కు ఉత్తరాన బార్నెట్ దగ్గర దట్టమైన పొగమంచులో జరిగిన యుద్ధంలో రిచర్డ్ నెవిల్ అనే ప్రభువు చనిపోయాడు. ఆయన వారిక్‌కు ఎర్ల్, సాల్స్‌బరీకి ఎర్ల్ (ఎర్ల్ అంటే ఇంగ్లండులో పెద్ద ప్రభువుల బిరుదుల్లో ఒకటి). 1461లో నాలుగో ఎడ్వర్డ్ సింహాసనం ఎక్కడానికి అండగా నిలిచిందీ, 1470లో అదే ఎడ్వర్డ్‌ను దేశం నుంచి వెళ్లగొట్టి ఆరో హెన్రీని మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టిందీ ఆయనే. అందుకే తర్వాతి కాలం వాళ్లు ‘కింగ్‌మేకర్’, అంటే రాజుల్ని చేసేవాడు, అన్నారు.

ఆయన డాలు మీద ఏడు వంశాల గుర్తులు ఉన్నాయి. ఆ ఏడింటిలో తండ్రి వంశానిది ఒక్కటే. మిగిలిన ఆరూ తల్లి నుంచీ, భార్య నుంచీ వచ్చినవి. మధ్యయుగపు ఇంగ్లిష్ ప్రభువు ఎవరి గురించి వెతికినా నేను మొదట చూసేది ఇదే: ఆస్తి, బిరుదు ఏ ఆడపిల్ల చేతి మీదుగా వచ్చాయి? పుస్తకాల్లో వంశవృక్షాలు తండ్రి-కొడుకు, తండ్రి-కొడుకు అంటూ నిలువుగా దిగుతాయి. అధికారం మాత్రం చాలాసార్లు అక్కడ పక్కగీతగా కనిపించే అమ్మాయి వెంట నడిచింది. ఈ మార్గదర్శిలో నెవిల్‌నే ఉదాహరణగా పెట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుదాం. పద్ధతి చేతికొచ్చాక ఇంకే ప్రభువుకైనా ఇలాగే చేసుకోవచ్చు.

ముందుగా ఉచ్చారణ గురించి ఒక మాట. ఇంగ్లిష్‌లో రాసింది చూసి మనవాళ్లు ‘వార్విక్’ అంటారు, అక్కడివాళ్లు ‘వారిక్’ అంటారు. ఆయన అత్తింటి పేరు చూడ్డానికి ‘బోషాం’ అన్నట్టు ఉంటుంది కానీ పలికేది ‘బీచమ్’.

మొదటి మెట్టు: పేర్ల చిక్కు విప్పండి

ఈ పనిలో సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టినట్టే వాళ్లూ అవే పేర్లు తిప్పి తిప్పి పెట్టుకున్నారు. మన రిచర్డ్ నెవిల్ తండ్రి పేరూ రిచర్డ్ నెవిలే. మామగారి పేరు రిచర్డ్ బీచమ్. అత్తగారు ఇసబెల్ డిస్పెన్సర్ రెండుసార్లు పెళ్లి చేసుకుంది. ఆ ఇద్దరు భర్తల పేరూ రిచర్డ్ బీచమే, వాళ్లు వరసకు దాయాదులు. మొదటి భర్త వూస్టర్ ఎర్ల్, 1422లో చనిపోయాడు. 1423లో పెళ్లాడిన రెండో భర్త వారిక్ ఎర్ల్. ఇక నెవిల్ భార్య పేరు ఆన్, ఆమె మేనకోడలు ఆన్, చిన్న కూతురు కూడా ఆన్.

పైగా ఆనాటి రాతల్లో ఇంటిపేరు అరుదుగా కనిపిస్తుంది. ‘వారిక్ ప్రభువు’ అని మాత్రమే ఉంటుంది. 1431లో ఫ్రాన్స్‌లోని రువాన్ పట్టణంలో ఫ్రెంచి వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్ బందీగా ఉన్నప్పుడు అక్కడి కోటకు అధికారిగా ఉన్న వారిక్ మన నెవిల్ కాడు, అప్పటికి నెవిల్‌కు మూడేళ్లు నిండలేదు. ఆ వారిక్ ఆయన మామగారు.

కాబట్టి నోట్‌బుక్‌లో ప్రతి మనిషికీ నాలుగు విషయాలు ఒకే వరసలో రాసుకోండి: పేరు, పుట్టిన ఏడు, బిరుదు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, చనిపోయిన ఏడు. మన మనిషి వరస ఇలా ఉంటుంది: రిచర్డ్ నెవిల్, 1428 నవంబర్ 22న పుట్టాడు, 1449 నుంచి వారిక్ ఎర్ల్, 1471లో మరణం. ఎక్కడైనా ‘వారిక్’ కనిపిస్తే ముందు ఆ ఏడాది చూసి, ఆ తర్వాతే మనిషిని పోల్చుకోండి.

‘పదహారో ఎర్ల్’ లాంటి అంకెల్ని నమ్ముకోవద్దు. అవి తర్వాతి పండితులు లెక్క కోసం తగిలించినవి. ఆనాడు ఎవరూ తమను పదహారో ఎర్ల్ అని చెప్పుకోలేదు.

రెండో మెట్టు: ప్రతి బిరుదూ ఏ దారిన వచ్చిందో అడగండి

పై నుంచి కిందికి వరస ఇది: డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్. ఐదూ ఒకేసారి పుట్టలేదు. ఎర్ల్ అనేది, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్ల కంటే ముందు నుంచీ ఉన్న మాట. ఇంగ్లండులో మొదటి డ్యూక్ బిరుదు 1337లో వచ్చింది, మూడో ఎడ్వర్డ్ తన పెద్ద కొడుకును కార్న్‌వాల్ డ్యూక్‌ను చేశాడు. మార్క్విస్ 1385లో, వైకౌంట్ 1440లో వచ్చాయి. 12వ శతాబ్దపు ఇంగ్లిష్ వంశవృక్షంలో ఎవరైనా వైకౌంట్ కనిపిస్తే ఆ కాగితాన్ని అనుమానించాల్సిందే. ఎర్ల్ భార్యను కౌంటెస్ అంటారు. ఎర్ల్ అనే మాటకు స్త్రీలింగం లేకపోవడంతో ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు.

ఒక బిరుదు మనిషికి మూడు దారుల్లో రావచ్చు: రాజు కొత్తగా ఇవ్వొచ్చు, వారసత్వంగా రావచ్చు, భార్య హక్కు మీద రావచ్చు. మూడోది మనకు కొంచెం కొత్తగా అనిపించినా ఇల్లరికపు అల్లుడు అత్తింటి ఆస్తిని చూసుకోవడాన్ని గుర్తు తెచ్చుకుంటే సులువుగా తెలుస్తుంది. హక్కు భార్యది, పేరూ అధికారమూ భర్తవి.

నెవిల్ ఇంట్లో మూడు దారులూ కనిపిస్తాయి. తాత రాల్ఫ్ నెవిల్‌ను 1397లో రెండో రిచర్డ్ వెస్ట్‌మోర్లండ్ ఎర్ల్‌ను చేశాడు. ఇది రాజు ఇచ్చింది. ఆ బిరుదు రాల్ఫ్ మొదటి భార్య సంతానానికి వారసత్వంగా వెళ్లింది. రెండో భార్య జోన్ బ్యూఫోర్ట్ కొడుకైన మన రిచర్డ్ తండ్రికి అందులో వాటా లేదు. ఆయనకు సాల్స్‌బరీ బిరుదు పెళ్లి వల్ల దక్కింది. భార్య ఆలిస్ మోంటగ్యూ సాల్స్‌బరీ ఎర్ల్‌కు ఒక్కగానొక్క కూతురు. ఆ ఎర్ల్ 1428లో ఓర్లియాన్ ముట్టడిలో దెబ్బ తగిలి చనిపోయాడు.

ఇలాంటి బిరుదుకు తేదీలు రాసేటప్పుడు జాగ్రత్త. భర్త పోయిన తేదీ ఒక్కటే రాస్తే సరిపోదు. మన రిచర్డ్ తండ్రిని 1460 డిసెంబరు చివర్లో, వేక్‌ఫీల్డ్ యుద్ధం అయిన మర్నాడు చంపేశారు. అసలు హక్కుదారు ఆలిస్ మాత్రం 1462 వరకు బతికే ఉంది. రెండు మరణాలూ పక్కపక్కనే రాసుకోండి.

ఇక్కడే చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, రాజు ఇచ్చిన పత్రంలో ‘వారసులకు’ అని ఉందా, ‘మగ వారసులకు’ అని ఉందా. ఆ ఒక్క మాట మీద ఒక వంశం భవిష్యత్తు ఆధారపడింది. మగ వారసులకే పరిమితమైన బిరుదు కూతురు దగ్గర ఆగిపోయి దాయాదికి పోతుంది. ఆ పరిమితి లేనిది కూతురితోపాటు ఆమె పెళ్లాడిన ఇంటికి నడిచిపోతుంది.

మూడో మెట్టు: వంశవృక్షంలో ఆడపిల్లల గీత పట్టుకోండి

వారిక్ బిరుదు నెవిల్ చేతికి వచ్చిన తీరు ఈ మొత్తం విషయంలో నాకు బాగా నచ్చిన భాగం. నెమ్మదిగా చూద్దాం.

నెవిల్‌కు పదేళ్లు నిండకముందే రెండు కుటుంబాలూ కుండమార్పిడి పెళ్లి కుదుర్చుకున్నాయి. నెవిల్ పిల్లవాడు రిచర్డ్‌కు బీచమ్ అమ్మాయి ఆన్, బీచమ్ పిల్లవాడు హెన్రీకి నెవిల్ అమ్మాయి సిసిలీ. లెక్క ప్రకారం లాభపడాల్సింది సిసిలీ, వారిక్‌కు కాబోయే కౌంటెస్ ఆమే. ఆన్‌కు అన్నదమ్ముడు ఉన్నాడు కాబట్టి ఆమె వారసురాలు కాదు.

1439లో మామగారు పోయారు. హెన్రీ ఎర్ల్ అయ్యాడు, 1445లో ఏకంగా వారిక్ డ్యూక్ అయ్యాడు. మర్నాటి ఏడు, 1446లో, ఇరవై ఒకటో ఏట చనిపోయాడు. మిగిలింది రెండేళ్ల కూతురు, ఆమె పేరూ ఆన్. ఆ పసిపిల్ల కూడా ఐదేళ్లు నిండకముందే 1449 జనవరిలో పోయింది.

ఇప్పుడు ఆస్తి ఎవరిది? చనిపోయిన రిచర్డ్ బీచమ్‌కు మొదటి భార్య వల్ల ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. ముగ్గురూ పెద్దింటి కోడళ్లే, ఒకామె ష్రూస్‌బరీ కౌంటెస్, ఇంకొకామె సోమర్‌సెట్ ఇంటి కోడలు. నెవిల్ భార్య ఆన్ వాళ్లందరి కంటే చిన్నది, రెండో భార్య కూతురు. అయినా వారిక్ ఆమెకే దక్కింది. కారణం ఇంగ్లండు చట్టంలోని సగం రక్తం, నిండు రక్తం అనే తేడా. భూమిని చివరగా అనుభవించింది హెన్రీ, ఆయన తర్వాత ఆయన కూతురు. హెన్రీతో తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకటైన తోబుట్టువు ఆన్ ఒక్కతే. మిగతా ముగ్గురూ సవతి అక్కలు, తండ్రి మాత్రమే ఒకడు. సగం రక్తం వాళ్లకు ఆ వారసత్వం చెల్లదు. సవతి అక్కలు ఊరుకోలేదు, ఏళ్ల తరబడి తగాదా నడిచింది. ఏమైతేనేం, ఇరవై ఏళ్ల నెవిల్ 1449లో వారిక్ ఎర్ల్ అయ్యాడు.

కాబట్టి వంశవృక్షం గీసేటప్పుడు ఈ రెండూ మర్చిపోవద్దు. ప్రతి పిల్లకూ తల్లి ఎవరో రాయండి, ‘ఫలానా ఎర్ల్ కూతురు’ అని వదిలేయొద్దు. అలాగే చిన్నప్పుడే పోయిన పిల్లల్ని కొట్టేయకండి. ఐదేళ్లు నిండని ఆ పసిపిల్లను తీసేస్తే నెవిల్ ఎర్ల్ ఎలా అయ్యాడో అర్థం కాదు.

ఆధారం ఎక్కడ దొరుకుతుంది? రాజు దగ్గర నేరుగా భూమి పొందినవాడు చనిపోతే అధికారి ఆ జిల్లాకు వెళ్లి, స్థానిక పెద్దల్ని కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి విచారణ జరిపేవాడు. మనవాళ్ల పంచనామా లాంటిదే. మనిషి ఏ రోజు పోయాడు, ఏ భూములున్నాయి, వారసుడు ఎవరు, వయసెంత అన్నవి అందులో ఉంటాయి. 13వ శతాబ్దం నుంచి మొదలైన ఈ కాగితాలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, సారాంశాలు ఇంగ్లిష్‌లో అచ్చయ్యాయి. అందులో వారసుడి వయసు ‘21 ఏళ్లు, ఆపైన’ అని ఉంటే దాన్ని పట్టుకుని పుట్టినతేదీ లెక్క కట్టొద్దు. మేజర్ అయ్యాడు అని చెప్పడమే వాళ్ల ఉద్దేశం, మనిషికి నలభై ఏళ్లు ఉండొచ్చు.

తేదీల గురించి ఒక హెచ్చరిక. ఆనాడు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ పసిపిల్ల పోయిన 1449 జనవరిని వాళ్లు 1448 అనే లెక్కిస్తారు. జనవరి నుంచి మార్చి 24 దాకా పడిన ప్రతి తేదీనీ రెండుసార్లు చూసుకోండి. చాలా పత్రాల్లో అసలు క్రీస్తుశకమే ఉండదు, రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో ఉంటుంది. నాలుగో ఎడ్వర్డ్ లెక్క 1461 మార్చి 4 నుంచి మొదలవుతుంది, కాబట్టి బార్నెట్ యుద్ధం ఆయన 11వ ఏట పడుతుంది.

నాలుగో మెట్టు: డాలు చదవండి

లాంఛనం మనకు కొత్త మాటేమీ కాదు, వరాహ లాంఛనం వేసిన శాసనాలూ నాణేలూ మన దగ్గర ఎన్ని లేవు! ఇంగ్లండులో ఈ విద్యను హెరాల్డ్రీ అంటారు. మాటలన్నీ నార్మన్ ఫ్రెంచివి. భయపడక్కర్లేదు, రంగులు కొన్నే. బంగారు రంగు ఓర్, వెండి లేదా తెలుపు ఆర్జెంట్, ఈ రెండూ లోహాలు. ఎరుపు గ్యూల్స్, నీలం అజ్యూర్, నలుపు సేబుల్, ఆకుపచ్చ వెర్ట్. తెల్లటి బొచ్చు మీద చిన్న నల్ల తోకలు చల్లినట్టుంటే ఎర్మిన్. లోహం మీద లోహం, రంగు మీద రంగు వేయకూడదన్నది మూలసూత్రం. దూరం నుంచి కనబడాలి కదా, పసుపు మీద తెలుపు ఎవరికి ఆనుతుంది?

ఇంకో సూత్రం దగ్గర నేను మొదట్లో వారం రోజులు తప్పుదారిలో తిరిగాను. డాలుకు కుడి, ఎడమ అనేవి దాన్ని పట్టుకున్న మనిషి వైపు నుంచి లెక్క. చూసే మనకు ఎడమ పక్కన కనిపించేదే డాలు కుడి. మొదటి గడి అక్కడ మొదలవుతుంది. అది గౌరవస్థానం. రెండోది దాని పక్కన, మూడోది మొదటిదాని కింద, నాలుగోది ఆ పక్కన.

ఇప్పుడు నెవిల్ డాలు ముందు పెట్టుకుందాం. పెద్దవి నాలుగు గడులు. మూడోది తప్ప ప్రతి గడిలో మళ్లీ నాలుగు చిన్న గడులు, అందులో రెండు గుర్తులు ఎదురుబొదురుగా వస్తాయి.

మొదటి గడిలో ఎర్ర నేల మీద అడ్డంగా బంగారు పట్టీ, దాని చుట్టూ ఆరు చిన్న బంగారు శిలువలు. ఆ శిలువల చేతుల చివర్లో మళ్లీ చిన్న అడ్డగీతలుంటాయి. ఇది బీచమ్. దాంతో కలిసి నీలం, బంగారు గళ్లు, చదరంగం పలకలా. ఆ గళ్ల మీద ఇంటి చూరులా పైకి మొన తేలిన ఎర్మిన్ పట్టీ. ఇది న్యూబర్గ్, బీచమ్‌ల కంటే ముందు వారిక్‌ను ఏలిన ఇల్లు. ఆ ఇంటి నుంచి వారసత్వం ఆడపిల్లల మీదుగా దిగి, 1268లో తల్లి ఇసబెల్ మాడిట్ తరఫున విలియం బీచమ్‌కు చేరింది. అంటే బీచమ్‌లకు కూడా వారిక్ ఒక తల్లి ఇచ్చిందే.

రెండో గడిలో తెల్ల నేల మీద పక్కపక్కన ఆనుకుని మూడు ఎర్రటి డైమండ్లు, పేకముక్కల్లో ఉండేవాటిలాగే కొంచెం సాగదీసి. ఇది మోంటగ్యూ, తల్లి ఆలిస్ ఇల్లు. దాంతో కలిసి బంగారు నేల మీద రెక్కలు విప్పిన ఆకుపచ్చ గద్ద. ఈ గద్ద వెనక ఒక ప్రేమకథ ఉంది. మొదటి ఎడ్వర్డ్ కూతురు జోన్ ఆఫ్ ఏకర్, గ్లోస్టర్ ఎర్ల్ గిల్బర్ట్ డి క్లేర్ చనిపోయాక, 1297లో రాల్ఫ్ డి మోంథర్మర్ అనే మామూలు యోధుడిని రహస్యంగా పెళ్లాడింది. రాజు మండిపడి అల్లుణ్ని చెరలో వేయించాడు, తర్వాత చల్లబడ్డాడు. భార్య హక్కు మీద రాల్ఫ్‌ను గ్లోస్టర్ ఎర్ల్ అని పిలిచారు. 1307లో జోన్ పోయింది. ఆ తర్వాత ఆ బిరుదు రాల్ఫ్‌ది కాకుండా పోయి, ఆమె మొదటి పెళ్లి కొడుక్కి చేరింది. భార్య హక్కు మీద వచ్చిన బిరుదు ఎంత పల్చనిదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. రాల్ఫ్ మనవరాలు మార్గరెట్ మోంటగ్యూల కోడలైంది, గద్ద ఆమెతోపాటు వచ్చింది.

మూడో గడి సాదా. ఎర్ర నేల మీద తెల్లటి ఇంటూ మార్కు. ఇది నెవిల్, పుట్టింటి గుర్తు. తన సొంత వంశాన్ని మూడో స్థానంలోకి నెట్టాడంటే వారిక్, సాల్స్‌బరీ ఎర్ల్ పదవులకు ఆయన ఎంత విలువ ఇచ్చాడో తెలుస్తుంది. ఆ ఇంటూ మార్కు మీద, పై అంచున, తోరణంలా ఒక సన్నని పట్టీ, దానికి వేలాడే మూడు ముక్కలు. దీన్ని లేబుల్ అంటారు. మామూలుగా ఇది పెద్ద కొడుకు గుర్తు, తండ్రి బతికున్నంతకాలం పెట్టుకునేది. ఇక్కడ మాత్రం శాఖ గుర్తు. తెలుపు, నీలం ముక్కలు మార్చి మార్చి ఉన్న ఆ రంగుల్ని బాగా చూడండి. బ్యూఫోర్ట్ ఇంటి డాలు అంచు రంగులవి. నాయనమ్మ జోన్ బ్యూఫోర్ట్ మూడో ఎడ్వర్డ్ కొడుకు జాన్ ఆఫ్ గాంట్ కూతురు. ‘మేం రాల్ఫ్ నెవిల్ రెండో భార్య సంతానం, మాలో రాజరక్తం ఉంది’ అని ఆ చిన్న పట్టీ చెబుతోంది.

ఆ మాటకొస్తే నెవిల్ అనే పేరు కూడా అమ్మదే. రేబీ ప్రభువు రాబర్ట్ ఫిట్జ్‌మాల్డ్రెడ్ నెవిల్ ఇంటి వారసురాలు ఇసబెల్‌ను పెళ్లాడాడు. వాళ్ల కొడుకు తల్లి ఇంటిపేరు పెట్టుకున్నాడు.

నాలుగో గడిలో బంగారు నేల మీద మూడు ఎర్ర చూరు పట్టీలు, ఇది క్లేర్. దాంతోపాటు తెలుపు, ఎరుపు భాగాలు, ఎరుపులో బంగారు అల్లిక, మొత్తం మీద ఏటవాలుగా నల్ల పట్టీ, ఇది డిస్పెన్సర్. 1314లో బానక్‌బర్న్ యుద్ధంలో చివరి గిల్బర్ట్ డి క్లేర్ సంతానం లేకుండా చనిపోతే ఆస్తి ముగ్గురు అక్కచెల్లెళ్లకు పంచారు. వాళ్లలో ఎలినార్ హ్యూ డిస్పెన్సర్ భార్య. ఆ దారిలో దిగి దిగి ఇసబెల్ డిస్పెన్సర్‌కు, ఆమె నుంచి కూతురు ఆన్‌కు, ఆన్‌తో నెవిల్ డాలు మీదకు వచ్చింది.

నియమం ఏమిటంటే, అన్నదమ్ములు లేని కూతురు, అంటే వారసురాలు, తన లాంఛనాన్ని పిల్లలకు ఇస్తుంది. వాళ్లు దాన్ని గడిగా వేసుకుంటారు. అన్నదమ్ములున్న అమ్మాయి గుర్తు భర్త గుర్తు పక్కన సగం డాలులో నిలబడుతుంది, పిల్లలకు దిగదు. కాబట్టి డాలు మీద కొత్త గడి కనిపించిన ప్రతిచోటా ‘ఇక్కడ ఒక ఇంట్లో మగపిల్లలు మిగల్లేదు’ అని చదువుకోండి. తర్వాతి కాలపు పద్ధతిలో వారసురాలి భర్త ఆమె గుర్తును తన డాలు మధ్యలో చిన్న డాలుగా పెట్టుకోవాలి. నెవిల్ మామగారు అలాగే చేశాడు. నెవిల్ మాత్రం భార్య గుర్తులకు ఏకంగా గడులిచ్చేశాడు. అప్పటికి నియమాలు ఇంకా బిగుసుకోలేదు.

సాధనకు మంచి చోటు వారిక్ పట్టణంలో సెయింట్ మేరీ చర్చిలోని బీచమ్ చాపెల్. మధ్యలో రిచర్డ్ బీచమ్ సమాధి, దాని మీద బంగారు పూత పూసిన కంచు విగ్రహం. తల కింద హంస శిఖరం ఉన్న శిరస్త్రాణం, పాదాల దగ్గర ఎలుగుబంటి, గ్రిఫిన్ (గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న కల్పిత జంతువు). చేతులు జోడించి ఉండవు, కొంచెం విడదీసి ఉంటాయి. చుట్టూ గూళ్లలో 14 మంది శోకిస్తున్న బంధువుల చిన్న విగ్రహాలు, ఒక్కొక్కరి కింద ఒక్కో డాలు. వాళ్లలో మన నెవిల్ ఉన్నాడు, ఆయన తండ్రీ ఉన్నాడు. ముఖాలు చూసి పోల్చుకోవాలంటే కుదరదు, డాళ్లు చూసి ఎవరు కొడుకో ఎవరు అల్లుడో మీరే చెప్పగలరు.

మరొక మాట. ఇంటిపేరు కొడితే ‘మీ వంశ లాంఛనం’ అంటూ ఫ్రేము కట్టి అమ్మే సైట్లకు డబ్బు పోయకండి. ఇంగ్లండులో లాంఛనం ఒక మనిషికీ, ఆయన సంతతికీ చెందుతుంది, ఇంటిపేరుకు కాదు. ఒకే గుర్తు ఇద్దరు వాడితే కోర్టు దాకా వెళ్లేవాళ్లు. నీలం మీద బంగారు ఏటవాలు పట్టీ తమదంటే తమదని స్క్రోప్, గ్రోవనర్ కుటుంబాలు 1385 నుంచి 1390 దాకా పోట్లాడుకున్నాయి. అందులో 1386లో కవి జెఫ్రీ చాసర్ కూడా సాక్ష్యం చెప్పాడు. ఇప్పటికీ ఈ వ్యవహారాలు చూసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌ను 1484లో మూడో రిచర్డ్ స్థాపించాడు. ఆయన భార్య నెవిల్ చిన్న కూతురు ఆన్.

ఐదో మెట్టు: డాలు వేరు, బ్యాడ్జి వేరు

డాలు ప్రభువు సొంతం. ఆయన మనుషులు వేసుకునేది బ్యాడ్జి. వారిక్ బ్యాడ్జి ఎలుగుబంటి, కొమ్మలు నరికిన మొరటు కర్ర. ఆయన మనుషులు ఎర్ర చొక్కాల మీద ఆ కర్ర గుర్తు కుట్టించుకుని లండన్ వీధుల్లో నడిచేవాళ్లు.

బ్యాడ్జి ఎంత పని చేసిందో బార్నెట్‌లో చూడొచ్చు. వారిక్ పక్షాన పోరాడిన ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ బ్యాడ్జి కిరణాలున్న నక్షత్రం. ఎదుటి పక్షం ఎడ్వర్డ్‌ది కిరణాలున్న సూర్యుడు. ఆక్స్‌ఫర్డ్ మనుషులు తమకెదురైన సైన్యాన్ని తరిమి తరిమి, పొగమంచులో తిరిగి వచ్చారు. వారిక్ మనుషులకు ఆ నక్షత్రం సూర్యుడిలా కనిపించింది. సొంతవాళ్ల మీదే బాణాలు వేశారు. ‘ద్రోహం, ద్రోహం’ అని కేకలేస్తూ ఆక్స్‌ఫర్డ్ సైన్యం పారిపోయిందని ఆ కాలపు వృత్తాంతం ఒకటి చెబుతుంది. ఆ రోజే వారిక్, ఆయన తమ్ముడు మోంటగ్యూ మార్క్విస్ జాన్ ఇద్దరూ చనిపోయారు. పత్రాల్లో, చిత్రాల్లో ‘గుర్తు’ అని కనిపిస్తే అది డాలా, బ్యాడ్జా, శిరస్త్రాణం మీది శిఖరమా అని తేల్చుకున్నాకే ముందుకెళ్లండి.

ఆరో మెట్టు: కథను వడకట్టండి

ఈ ఎలుగుబంటి, కర్ర ఎక్కడివి? వారిక్‌లో పురోహితుడిగా ఉన్న జాన్ రౌస్ చక్కని కథ చెప్పాడు. ఆర్థర్ రాజు కాలంలో అర్త్‌గల్ అనే తొలి వారిక్ ప్రభువు ఉన్నాడట, వెల్ష్ భాషలో ‘అర్త్’ అంటే ఎలుగుబంటి. మోర్విడ్ అనే మరో ప్రభువు చెట్టు పీకి ఆ మొద్దుతో రాక్షసుణ్ని కొట్టి చంపాడట, అదే కర్ర. చరిత్రగా దీనికి ఆధారం లేదు. కానీ కొట్టిపారేయకండి. బీచమ్‌లు తమ పిల్లలకు గై అని పేరు పెట్టుకున్నది గై ఆఫ్ వారిక్ అనే కథానాయకుడి మీద అభిమానంతోనే. వాళ్లు దేన్ని నమ్మారో, ఏం చెప్పుకోవాలనుకున్నారో కథలే చూపిస్తాయి. మీ నోట్‌బుక్‌లో దానికి వేరే పేజీ ఇవ్వండి.

రౌస్ గురించి ఇంకోటి తెలియాలి. వారిక్ ప్రభువుల బొమ్మలు, లాంఛనాలు వరసగా గీసిన పొడవాటి చుట్టలు ఆయన రెండు తయారు చేశాడు. ఇంగ్లిష్ చుట్టలో మూడో రిచర్డ్‌ను మెచ్చుకున్నాడు. 1485లో రిచర్డ్ చనిపోయి ఏడో హెన్రీ వచ్చాక, తన దగ్గరున్న లాటిన్ చుట్టను కొత్త రాజుకు నచ్చేలా మార్చేశాడు. ఒకే చేయి, రెండు రకాల వంశచరిత్ర! ఏ వంశపత్రం దొరికినా ఎవరు రాశారు, ఎవరి కొలువులో రాశారు, ఏ ఏట రాశారు అన్నది ముందు అడగాలి.

చివరి మెట్టు: బిరుదు ఎటు పోయిందో చూడండి

మనిషి చనిపోయిన చోట ఆపేస్తే సగం కథే. దేశద్రోహి అని పార్లమెంటు తీర్మానిస్తే బిరుదు, భూమి రెండూ పోతాయి, పిల్లలకూ రావు. 1459లో కోవెంట్రీ పార్లమెంటు నెవిల్‌కూ ఆయన తండ్రికీ ఇదే శిక్ష వేసింది, మర్నాటి ఏడు అది రద్దయింది.

1471 తర్వాత నెవిల్ ఇద్దరు అల్లుళ్లు ఆస్తి మీద పడ్డారు. పెద్ద కూతురు ఇసబెల్ భర్త క్లారెన్స్ డ్యూక్ జార్జ్, చిన్న కూతురు ఆన్ భర్త గ్లోస్టర్ డ్యూక్ రిచర్డ్, తర్వాత మూడో రిచర్డ్ అయింది ఆయనే. ఇద్దరూ రాజు నాలుగో ఎడ్వర్డ్ తమ్ముళ్లు. అసలు చిక్కు ఏమిటంటే వారిక్ ఆస్తి చనిపోయిన నెవిల్‌ది కాదు, ఆయన భార్య ఆన్ బీచమ్‌ది. ఆమె బతికే ఉంది. ఒక మఠంలో ఆశ్రయం తీసుకుని, తన హక్కు తనకు ఇప్పించమని ఉత్తరాలు రాస్తోంది. 1474లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆ కౌంటెస్ సహజంగా మరణించినట్టే లెక్కించి ఆమె ఆస్తిని కూతుళ్లిద్దరికీ, వాళ్ల భర్తలకూ పంచాలన్నది దాని సారం. బతికున్న మనిషిని కాగితం మీద చంపేశారు.

ఇసబెల్ కొడుకు ఎడ్వర్డ్‌కు వారిక్ ఎర్ల్ అన్న పేరు వచ్చింది. రాజరక్తం ఉన్నవాడని ఏడో హెన్రీ చిన్నతనం నుంచీ లండన్ టవర్‌లో బంధించి 1499లో తల తీయించాడు. ఇసబెల్ కూతురు మార్గరెట్‌కు 1512లో సాల్స్‌బరీ కౌంటెస్ హోదా తిరిగి దక్కింది. 1541లో, అరవై ఏళ్లు దాటిన వయసులో, ఎనిమిదో హెన్రీ ఆమె తల కూడా తీయించాడు.

ఆన్ బీచమ్ ఇద్దరు కూతుళ్ల కంటే, ముగ్గురు అల్లుళ్ల కంటే ఎక్కువ కాలం బతికింది. చిన్న కూతురి మొదటి భర్త, ఆరో హెన్రీ కొడుకైన యువరాజు ఎడ్వర్డ్, 1471లోనే పోయాడు. 1487లో ఏడో హెన్రీ పార్లమెంటు ఆమె భూములన్నీ ఆమెకు తిరిగి ఇచ్చింది. ఆ డిసెంబరులోనే ఆమె వాటిని రాజు పేర రాసి ఇచ్చేసింది, అందుకోసమే ఆ తిరిగి ఇవ్వడం. 1492లో ఆమె చనిపోయేనాటికి, ఆమె పుట్టింటి నుంచి తెచ్చిన నాలుగు గుర్తులూ డాలు మీదే మిగిలాయి. వారిక్ కోట రాజు చేతిలో ఉంది.